పళ్లెంతో పడవెక్కిన కమలాకర్

టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకోకుండా కమలాకర్‌కి తుమ్ము కూడా రాదని నేను అందరి ముందూ అంటూ ఉంటాను. మ్యూనిక్‌లో ఏళ్ల తరబడి కార్ల విడిభాగాలు పరీక్షించే ఉద్యోగం చేసీ చేసీ మనిషి అలా తయారయ్యాడు. పక్క వీధిలోని మా ఇంటికి రావాలన్నా ముందుగా మెసేజ్ పెడతాడు. ఎస్-బాన్ రైలు కాస్త ఆలస్యమైతే చాలు, ప్లాట్‌ఫాం మీద నిలబడి జర్మన్ ముసలాళ్ల కంటే గట్టిగా సణుగుతాడు. అలాంటివాడు ఆ ఆదివారం చెప్పాపెట్టకుండా వచ్చి బెల్లు కొట్టేసరికి నా గుండె గుభేలుమంది.

"అక్షయ వస్తనన్నదన్నా," అన్నాడు చెప్పులు విప్పుతూనే. "సెమిస్టర్ అయిపోంగనే వస్తదట. కానీ నాకేం సమజైతలేదు."

"వస్తానంటే సంతోషించక ఆ మొహమేంటయ్యా?" అన్నాను. నాది గుంటూరు, అతనిది హన్మకొండ. మా ఇద్దరి మాటలు విని మా పిల్లలు నవ్వుకుంటూ ఉంటారు.

అక్షయ అతని ఒక్కగానొక్క కూతురు. ఇక్కడే పుట్టింది. కంప్యూటర్లు చదవవే అంటే కాదని, మనుషుల ఆచారాలు చదివే ఎథ్నొలోగీలో చేరింది. ఆ చదువు పేరు నలుగురిలో పలకలేక, "సోషల్ సైడ్" అని సర్దిచెప్పేవాడు పాపం. చదువులో భాగంగా ఆ పిల్ల గ్వాటెమాలా వెళ్లింది. అక్కడ అతిత్లాన్ అనే పెద్ద సరస్సు ఉంది. దాని ఒడ్డునున్న ఒక చిన్న మాయన్ ఊళ్లో, ఒక కుటుంబంతో కలిసి ఉంటూ రాసుకుంటోంది. ఒక సెమిస్టర్ అన్నది రెండయింది. ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకొన్నాళ్లు" అనేది. కమలాకర్‌కి భయం పట్టుకుంది. ఈ పిల్ల ఇక రాదేమో, అక్కడే ఉండిపోతుందేమో అని అతనికి తిండి సయించడం మానేసింది. చివరికి సెలవు పెట్టి, "పోయి తోలుకొస్త," అని భార్య శారదాదేవితో కలిసి బయల్దేరాడు. తిరిగొచ్చి వారమైంది.

"మొదట్నుంచీ చెప్పు," అన్నాను.

అక్కడ ఊరికీ ఊరికీ మధ్య తిరగాలంటే మోటారు పడవే దిక్కట. రేవులో దిగి, పడవ ఎన్నింటికని అడిగాడు మనవాడు. నిండితే వెళ్తుందని చేతులతో చూపించాడు పడవతను. టైంటేబుల్ లేని పడవ ఎక్కడం ఎలాగో తెలియక కమలాకర్ గట్టు మీదే నిలబడిపోయాడు. శారదాదేవి మాత్రం, "మన హన్మకొండ ఆటో లెక్కనే కదా, ఎక్కుండ్రి," అని బల్ల మీద సర్దుకుని కూర్చుంది. ఎటు చూసినా అగ్నిపర్వతాలు, మధ్యలో నీళ్లు. ఒక్కో రేవు దగ్గర కొందరు ఆడవాళ్లు దిగుతున్నారు. ఒక్కో ఊరి రవికెది ఒక్కో నేత, ఒక్కో రంగు. వాళ్ల మొహాలు చూస్తుంటే తనకు ఎవరో ఒకరు గుర్తొస్తూనే ఉన్నారట. ఒకావిడ అచ్చం తన మేనత్తలా ఉందట. ఆమె తన బుట్టను మాటామంతీ లేకుండా అతని ఒళ్లో పెట్టి, తన భాషలో ఏదో అడిగింది. "నన్ను వాళ్ల మనిషే అనుకున్నదన్నా. ఇన్నేండ్లయింది, మ్యూనిక్‌ల నన్నెవ్వరు అట్ల అనుకోలే," అన్నాడు. అది సంతోషమో దిగులో అతనికీ తేలలేదు.

తీరా ఊళ్లో దిగాక అక్షయ లేదు. ఎవరితోనో మాట్లాడి రికార్డు చేసుకోవాలని అవతలి ఒడ్డుకు వెళ్లిందట. మధ్యాహ్నం గాలి లేచిందంటే అక్కడ పడవలు ఆగిపోతాయి. రేపు పొద్దున వస్తానని మెసేజ్ పెట్టింది. ఇక మిగిలింది వీళ్లిద్దరూ, ఆ ఇంటివాళ్లూ. ముసలావిడ, ఆమె కొడుకూ కోడలూ, బళ్లో పాఠాలు చెప్పే మనవడు మతేయో. వీళ్లకు వాళ్ల భాష రాదు, వాళ్లకు వీళ్లది రాదు.

శారదాదేవి ఇక్కడినుంచే ఇత్తడి పళ్లెం మోసుకెళ్లింది. పిల్లను ఇన్నాళ్లు కడుపులో పెట్టుకుని చూసుకున్న ఇంటికి ఉత్త చేతులతో ఎలా పోతామని ఆవిడ బాధ. పోచంపల్లి చీర, ధోవతి, కండువా, అక్కడి సంతలో కొన్న పండ్లు, కొబ్బరికాయ, పూలు అన్నీ పేర్చింది. కోడలికి బొట్టు పెట్టి చీర ఇచ్చింది. కమలాకర్ పళ్లెం తీసుకెళ్లి ఇంటాయన చేతుల్లో పెట్టి దండం పెట్టాడు.

ఇంటాయన తల్లి వైపు చూశాడు. ముసలావిడ గోడకున్న అక్షయ ఫోటోను చూపించింది, తర్వాత మతేయోను చూపించి ఏదో అడిగింది. పిల్లలిద్దరూ కలిసిమెలిసి ఉంటారని చెబుతోంది కాబోలనుకుని మనవాడు గట్టిగా తలూపాడు. ఇంటాయన పళ్లెం వెనక్కి ఇచ్చేశాడు.

"మనోళ్లు గూడ మొహమాటానికి వద్దంటరు కదన్నా? నేనూరుకుంటనా! మళ్ల ఇచ్చిన. మళ్ల వద్దన్నడు. మూడోసారి చెయ్యి పట్టుకుని బతిమాలి పెట్టిన. అప్పుడు తీసుకున్నడు."

పళ్లెం మీద ముసలావిడ నేత గుడ్డ కప్పి, దేవుడి పటం ముందు పెట్టింది. కాసేపటికి చుట్టుపక్కల పెద్దలంతా వచ్చి కూర్చున్నారు. చాక్లెట్ కాచి పోశారు, బుట్ట నిండా రొట్టెలు ఇచ్చారు. మతేయో మాత్రం గోడకానుకుని తల వంచుకునే ఉన్నాడు.

మర్నాడు అక్షయ వచ్చింది. ముసలావిడ చెప్పింది విని పిల్ల మొహం పాలిపోయింది. "పళ్లెం ఎవరిచ్చారు పాపా?" అని అడిగింది. నాన్నను ఇక్కడి పిల్లల్లా పాపా అనే పిలుస్తుంది. నేనే అన్నాడు. "వాళ్లు ఎన్నిసార్లు వద్దన్నారు?" అని అడిగింది. గొప్పగా చెప్పాడు. పిల్ల గడప మీద అలాగే కూలబడింది. విమానంలో కూర్చుని ఇతను తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టకముందే, సెమిస్టర్ అవ్వగానే ఇంటికి వస్తానంది. వీళ్లు తిరిగి వచ్చేటప్పుడు వీధి వీధంతా రేవుకు వచ్చిందట. ఆ కోడలు శారదాదేవిని పట్టుకుని ఏడ్చిందట.

"ఒక్కరాత్రి చుట్టానికి ఎవరన్నా ఏడుస్తరా? నాకైతే ఏం సమజైతలేదు," అన్నాడు మళ్లీ.

మంచి మనుషులయ్యా అని సర్దిచెప్పాను గానీ, నిజానికి నాకూ ఏమీ అర్థం కాలేదు. అంతలో శారదాదేవి ఫోన్ పట్టుకుని వచ్చింది. "అక్షయ లైన్‌ల ఉన్నది. మీతోనే మాట్లాడాల్నట. అన్నయ్యగారు ఉన్నా పర్వాలేదంటున్నది."

తెర మీద పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. "వార్టె, ఆగు పాపా, ఫస్ట్ నేను చెప్పేది విను," అంది. "నువ్ ఇచ్చిన ప్లేట్... ఇక్కడ పెళ్లి అడగాలంటే పెద్దవాళ్లు అట్లనే తెస్తారు. ఇంటివాళ్లు వద్దంటారు. అది రూల్. అడిగేవాళ్లు వదలొద్దు. నువ్ వదల్లే."

కమలాకర్ నోరు తెరిచాడు. "పిల్లగానోళ్లు కదా అడగాలె? మేము పిల్లోళ్లం!"

"వాళ్లకూ అదే కన్‌ఫ్యూజన్. లాస్ట్‌కి, మీ దేశంలో అమ్మాయివాళ్లే వస్తారేమో అనుకున్నారు. అది తప్పని నేనెట్ల చెప్పాలి? మన దగ్గర అమ్మాయివాళ్లూ వెళ్తారు కదా."

"మరి ఆడనే ఎందుకు చెప్పలే బిడ్డా?"

పిల్ల జర్మన్‌లో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చింది. తనకూ మతేయోకీ ఇష్టమేనట. నాన్న ఒప్పుకోడన్న భయంతో వదిలేసుకుందామని అతనితో చెప్పేసిందట. ఆ రోజు అవతలి ఊళ్లో రికార్డింగూ లేదు, ఏమీ లేదు. అమ్మానాన్నలు వచ్చే పూట ఏడుస్తూ కనిపించకూడదని వెళ్లిందట. "పొద్దున వచ్చేసరికి నువ్వే అడిగేసినవ్ పాపా. పొరపాటని చెప్పమంటే ఇప్పుడే వెళ్లి చెప్తా. వాళ్లు కోప్పడరు, ప్లేట్ తిరిగి ఇచ్చేస్తారు. నేను ఇంటికి వచ్చేస్తా. కానీ వద్దని తేల్చేది మాత్రం నువ్వే. నాకు చేతకాదు."

కూతుర్ని తెచ్చుకోవాలని అంత దూరం వెళ్లినవాడు. ఆ పెళ్లికి సరేనంటే పిల్ల అక్కడే ఉండిపోతుంది. కాదంటే ఇంటికొస్తుంది, కానీ ఎలాంటి మనసుతో వస్తుంది?

కమలాకర్ లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"బళ్లె ఏం చెప్తడు ఆ పిల్లగాడు?" అన్నాడు చివరికి.

"లెక్కలు."

"చెయ్యి పట్టుకుని బతిమాలి ఇచ్చిన బిడ్డా," అన్నాడు. "ఇప్పుడు ఏం మొఖం పెట్టుకుని వాపస్ అడుగుత?"

అని, తానేమన్నాడో తనకే తెలియనట్టు మా మొహాలు మార్చి మార్చి చూశాడు.

"మీరు ఒప్పుకున్నరు," అంది శారదాదేవి, అతని చేతిలోని ఫోన్ తీసుకుంటూ.