మేక కాళ్ల నాయన

మనిషి బొమ్మ గీయడం నేర్పే క్లాసులో ఇవాళ మనిషి కాలి ఎముకల పక్కన మేక కాలి ఎముకల పటం పెట్టారు. చూస్తుండగానే నాకు తడి పలక వాసన వచ్చింది.

చిన్నప్పుడు నేను దగ్గరగా చూసిన కాళ్లన్నీ మా మేకలవే. అందుకే మార్కాపురం పలక మీద నాయనను గీసి, మోకాళ్లు వెనక్కి వంచాను.

"ఏందమ్మా, నాకు మేక కాళ్లు పెట్టినావు? మనిషికి మోకాలు ముందుకుంటాది, చూడు." నాయన నవ్వుతూ నా అరచేతిని తన మోకాలి చిప్ప మీద పెట్టుకున్నాడు. అది నీళ్లలో గులకరాయిలా కదిలింది. సిగ్గేసి, బొమ్మను ఉమ్మితో తుడిచేశాను.

మేక వెనక కాలిలో మనం మోకాలనుకునేది మడమేనని, మేక బతుకంతా మునివేళ్ల మీదే నడుస్తుందని మేడమ్ చెబుతున్నారు. మేకల కోసం తుమ్మకొమ్మ వంచుతూ, మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడిన నాయన కళ్ల ముందు ఊగాడు.

పలక మీద నేను గీసింది ఆ నాయననే.