అడుగున మిగిలిన సోడియం

నా చిన్నప్పుడు నాకు ఓపిక మచ్చుకైనా ఉండేది కాదు. అన్నం ఉడికిందో లేదోనని పదిసార్లు మూత తీసి మా అమ్మచేత తిట్లు తినేదాన్ని. అప్పటికి మేముండే నిజాంపేట ఇంకా పల్లెటూరే. మా పక్కింటి అక్క జీడిమెట్లలో ఒక చిన్న మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేది. వాళ్ళ నాన్న మంచం పట్టాడు, ఇల్లు గడిచేది ఆమె ఉద్యోగం మీదే.

ఒక వేసవి సెలవుల్లో ఏడ్చి గోల చేసి అక్క వెంట వెళ్ళాను. వాడగా మిగిలిన సోడియం ముక్కల్ని ప్రమాదం లేకుండా కరిగించి పారేయడం ఆ రోజు ఆమె పని. కిరసనాయిల్లోంచి ముక్క తీసి కత్తితో జున్నులా కోసింది. గోరంత ముక్కను నీళ్ళలో వేస్తే అది బుసకొడుతూ నీటి మీద పరుగులు తీసి ఠప్పున పేలింది. నేను చప్పట్లు కొట్టాను. తర్వాత మిగతా ముక్కల్ని ఒక్కొక్కటే స్పిరిట్ ఉన్న పెద్ద గాజు బీకరులో వేసింది. అక్కడ అవి బుద్ధిగా అడుగుకు మునిగి, సన్నటి బుడగలు వదులుతూ కరగసాగాయి.

"నీళ్లల్ల అయితే కొట్లాడుతది, గీ స్పిరిట్ల నిమ్మళంగ కరుగుతది. మొత్తం కరిగేదాంక నీళ్లు తగలొద్దు. జర కూసో, ఏం ముట్టకు" అని చెప్పి, ఫోన్ వచ్చిందంటే ఆఫీసు గదికి వెళ్ళింది.

కాసేపటికి బుడగలు ఆగాయి. బీకరులో అంతా తెల్లగా, గంజిలా చిక్కబడింది. అయిపోయిందనుకున్నాను. కడిగిపెడితే అక్క మెచ్చుకుంటుందని నా మంచినీళ్ళ సీసా వంచాను. ఆ గంజి కింద ముక్కలు ఇంకా ఉన్నాయి. భగ్గున మంట లేచింది. అక్క పరుగెత్తుకొచ్చి నన్ను వెనక్కి లాగి, మంట మీద బకెట్టెడు ఇసుక గుమ్మరించింది. ఆమె కుడిచెయ్యి మోచేతిదాకా బొబ్బలెక్కింది.

మేనేజరుగారు వచ్చారు. "నీళ్ళు ఎవరు పోశారమ్మా?"

అక్క నా వైపు చూడనైనా లేదు. "నేనే పోసిన సార్. కరిగిందనుకున్న."

నేను నోరు తెరిచాను. ఒక్క మాట చాలు. అది రాలేదు, ఏడుపొచ్చింది. భయంతోనే, ఇంకే కారణమూ లేదు. ఇంటికి వచ్చే దారిలో అక్క కాలని చేత్తో నా తల నిమిరింది. "పరేషాన్ గాకు బిడ్డా. నీకేమన్న అయితే మీ అమ్మకు ఏం జెప్పుదును?" నాలుగు రోజులకే ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ ఎండాకాలం దాటకముందే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారు. సామాన్లు బండికెక్కుతుంటే మా గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాను. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు పుప్పాలగూడలో, మా అపార్టుమెంటులో, గ్లాసు ఎవరి చేతిలో పగిలినా "నేనే" అని ముందు నా నోరే అంటుంది. "అన్నీ మీరేనా అత్తయ్యా" అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. అనవలసిన రోజున అనలేకపోయాను. వినవలసిన మనిషి ఎక్కడుందో ఈనాటికీ తెలియదు.