ఎక్కిళ్ళు పట్టిన సర్వరు

ముందే ఒప్పేసుకుంటున్నాను. చిలవలు పలవలు చేర్చకుండా నేను కాఫీ తాగిన సంగతి కూడా చెప్పలేను. మా ఆవిడ నా మాటల్లో ముప్పాతిక కొట్టేసి మిగిలింది వింటుంది. ఇక దయ్యాలంటారా, ఇరవై ఏళ్ళుగా హైటెక్ సిటీలో మేనేజర్లకు భయపడటంతోనే సరిపోయింది, వాటికి భయపడే తీరిక ఏనాడూ దొరకలేదు. అయినా ఇది జరిగింది.

ఒక శుక్రవారం, భోజనాలు కాగానే మా ఆఫీసు సర్వరు బిగుసుకుపోయింది. దాని ఫైళ్ళన్నీ పక్క గదిలోని స్టోరేజీ మిషన్లో ఉంటాయి. ఆ మిషను ఉలకదు, పలకదు. దాన్ని ఫైలు అడిగిన ప్రతి ప్రాసెసూ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ, అడిగినచోటే కొయ్యబారిపోయింది. ఫోల్డర్లో ఏముందో చూద్దామని చిన్న కమాండు కొడితే, అదీ వెళ్ళి ఆ వరసలోనే నిలబడింది.

చంపుదామంటే చావవు. కిల్ కమాండు మామూలుగా కొట్టాను. ఎంత మొండిదాన్నైనా చంపే తొమ్మిది నంబరు తగిలించి కొట్టాను. ఒక్కటీ కదల్లేదు. ప్రతిదాని పక్కనా ‘డి’ అనే అక్షరం. డిస్కు జవాబు కోసం కూర్చుందని దాని అర్థం. ఆ జవాబు వచ్చేదాకా సాక్షాత్తూ యముడొచ్చినా రిసెప్షన్లో కూర్చోవాల్సిందే.

ఆ ‘డి’ల్లో ఒకటి సునీతది. ఏలూరు పిల్ల, ఇంకా ప్రొబేషన్లోనే ఉంది. మూడు వారాలుగా నడుస్తున్న ఆమె ప్రోగ్రాం పని ముగించింది, ఫలితాన్ని డిస్కు మీద రాయడం ఒక్కటే మిగిలింది. ఐదింటికి క్లయింటుకు చూపించకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు. సర్వరు రీస్టార్ట్ చేస్తే మూడు వారాల పనీ ఆవిరి. మేనేజరేమో ఆఫీసు పనంతా ఆగిపోయిందంటూ నాలుగింటికి రీస్టార్ట్ చేసి తీరతానన్నాడు.

“ఒక్క గంట ఆగండి సార్, మీకు పుణ్యముంటుందండి” అని సునీత బతిమాలింది. ఆయన గడియారం చూసుకున్నాడు.

స్టోరేజీ వాళ్ళు కేబుళ్ళు చూశారు, కరెంటు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. సునీత కళ్ళు తుడుచుకుంటుంటే మా ఫ్లోరు ఊడ్చే యాదమ్మ వచ్చింది.

“ఏంది బిడ్డా, గిట్ల పరేషానైతున్నవ్?”

“సర్వరు ఆగిపోయిందండీ యాదమ్మగారూ. ముందుకు పోదు, వెనక్కి రాదు.”

“ఎక్కిళ్ళు పట్టినట్టా?”

“అచ్చం అంతేనండి.”

“గట్లయితే ఎవరో యాది చేస్తున్నరు. ఒక్కొక్కరి పేరు చెప్పుకుంట పో. అసలు పేరొస్తే ఆగుతది. చెప్పితే నోరేమన్న అరుగుతదా?”

నేను కిటికీ అద్దాలు అదిరేలా నవ్వాను. సునీత మాత్రం తెరకేసి చూస్తూ మొదలుపెట్టింది. మేనేజరు పేరు, క్లయింటు పేరు, నా పేరు. కదలిక లేదు. నాలుగింటికి ఐదు నిమిషాలుండగా మేనేజరు వచ్చి కీబోర్డు మీదికి చెయ్యి చాపాడు.

“వెంకటరత్నంగారు” అంది సునీత. ఆ స్టోరేజీని తన చేతులతో బిగించి, మూడేళ్ళ కిందట రిటైరై చందానగర్లో ఉంటున్న పెద్దాయన.

‘డి’లు రాలిపోయాయి. ఒకటి, నాలుగు, ఆపైన గుంపుగా. సునీత ఫైలు తెర మీద కనబడింది. మేనేజరు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

మేమేమీ ముట్టుకోలేదని స్టోరేజీ వాళ్ళు ఒట్టేశారు. మిషను రాసుకునే లాగ్ ఫైళ్ళలో చూస్తే రెండు గంటల మౌనం, ఆ తర్వాత జవాబు. మధ్యలో కారణమంటూ ఒక్క ముక్క లేదు.

సాయంత్రం, క్లయింటు బాగుందన్నాక, పెద్దాయనకు ఫోన్ చేశాను. వాళ్ళావిడ ఎత్తారు. “ఆయనకు మధ్యాహ్నం నుంచి ఒకటే ఎక్కిళ్ళు బాబూ. చక్కెర పెట్టాను, నీళ్ళు తాగించాను. నాలుగు కావస్తుంటే టక్కున ఆగిపోయాయి” అన్నారు. ఎవరు ఎవర్ని తలుచుకున్నట్టు?

సునీత ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు నా పక్క సీటే.

పెద్దాయన ఎక్కిళ్ళు నా కల్పన అనుకుంటారు. కాదు, అవి వాళ్ళావిడ చెప్పినవే. నేను కల్పించింది నా నవ్వు, సునీత నోట ఆ నాలుగో పేరు. అసలు నవ్వలేదు. మూడు పేర్లు చెప్పి ఆ పిల్ల మొహం చేతుల్లో దాచుకుంది. దాన్ని చెప్పింది నేను, కళ్ళు మూసుకుని. మూడేళ్ళుగా తలవని ఆ పేరే నోటికెందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదు.