దిండ్లమ్మే హిల్కాకు కుర్చీ లేదు

హెల్సింకి విమానాశ్రయంలోని ఆ కొట్టులో మూడు సీట్లుండేవి. పాత విమానంలోంచి ఊడదీసి తెచ్చిన అసలైన సీట్లు. నీలం గుడ్డ, నడుముకు బెల్టులు, చెయ్యి ఆనించుకునే పట్టీలు, అన్నీ ఉన్నవే. మెడదిండు కొనడానికి వచ్చినవాళ్ళు వాటిలో కూర్చుని, దిండు తగిలించుకుని, కాసేపు కళ్ళు మూసుకుని చూసుకోవాలన్నది ఏర్పాటు. రోజులో సగంసేపు అవి ఖాళీగానే ఉండేవి. వాటికి రెండడుగుల దూరంలో హిల్కా వైనికైనెన్ పదకొండేళ్ళు నిలబడింది.

ఆ సీట్లలోనే కాదు, కొట్టులో ఎక్కడా ఆమె కూర్చోకూడదు. గల్లా దగ్గర స్టూలు లేదు. గోడవారన బల్ల లేదు. అమ్మేవాళ్ళు కూర్చుంటే కొట్టు నిద్రపోతున్నట్టు కనిపిస్తుందని పై ఆఫీసులో ఎవరో ఎప్పుడో అన్నారట. ఆ ముక్క నియమాల కాగితంలోకి ఎక్కింది. మా కొట్టులో దర్జాగా కూర్చున్నది ఆ నియమం ఒక్కటే.

హిల్కా ఒక్కసారి కూడా అడగలేదు. అది ఆమె మంచితనమని నేననను. మా హెల్సింకిలో అదొక జబ్బు. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకపోవడమే మర్యాదని మాకు పసితనం నుంచీ నూరిపోస్తారు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడికి దిగాల్సిన చోటు వస్తే, కాస్త జరగండి అని నోరు తెరిచి అనడు. చేతిసంచి సర్దుకుంటూ, కోటు బొత్తాలు పెట్టుకుంటూ కాస్త చప్పుడు చేస్తాడు. పక్కవాడు అర్థం చేసుకుని లేవాలి. హిల్కా కూడా అంతే. పదకొండేళ్ళు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ చప్పుడు చేసింది. ఎవరూ లేవలేదు.

నేను అదే కొట్టులో సూట్‌కేసుల వైపు పనిచేసేదాన్ని. నావి అప్పటికింకా నలభై నిండని కాళ్ళు. ఆమెకి అరవై ఒకటి. పింఛనుకి ఇంకా రెండేళ్ళ పైచిలుకు ఉంది. ఆ రెండేళ్ళూ కుడి తుంటి నిలబడుతుందా లేదా అన్నదే ఆమె బతుకులో మిగిలిన ప్రశ్న. మార్చిలో ఉద్యోగుల డాక్టరు దగ్గరికి వెళితే, "ఈమెకు పని మధ్యలో తరచుగా కూర్చునే వీలు కల్పించాలి" అని రాసి, సంతకం చేసి ఇచ్చింది. ఆ చీటీ మెర్వి చేతికిస్తే చాలు. మెర్వి మా మేనేజరు. ఇచ్చాక దాన్ని పక్కన పడెయ్యడం అంత తేలిక కాదు.

"ఇచ్చావా?" అని నేను ఏప్రిల్లో అడిగాను.

"ఇస్తాలే. వేసవి రద్దీ అయిపోనీ."

సెప్టెంబరులో మళ్ళీ అడిగాను.

"ఇప్పుడు కాదు. ఇద్దరు మానేశారు, మెర్వి ఒక్కతే తల పట్టుకుంటోంది."

"నీ తుంటి వాళ్ళ క్యాలెండరు చూసుకుని నొప్పెడుతుందా?"

"నీ నోరే నాకుంటే ఈపాటికి మంత్రినయ్యేదాన్ని" అని తను తింటున్న నల్లటి రై రొట్టెలో సగం విరిచి నా చేతిలో పెట్టింది. నోరు మూయించడానికి ఆమెకి తెలిసిన పద్ధతి అది.

హిల్కా దూరప్రయాణాలు చేసిన మనిషి కాదు. ఒక్కసారి కనారీ దీవులకి వెళ్ళింది. ఆరు గంటల ప్రయాణంలో తువ్వాలు చుట్టి మెడకింద పెట్టుకుందట. కానీ దిండ్ల సంగతి ఆమెకి తెలిసినంత తయారుచేసినవాళ్ళకి కూడా తెలియదు. పదకొండేళ్ళు ఆ మూడు సీట్లలో మనుషుల తలలు ఎటు వాలుతాయో చూస్తూ నిలబడింది కదా. గుమ్మం దగ్గర బొమ్మల్లాగా పేర్చి ఉండే లావుపాటి దిండ్లని ఎవరైనా మురిపెంగా పిసుకుతుంటే దగ్గరికి వెళ్ళి, "చేత్తో పిసికి చూస్తే అన్నీ బాగానే ఉంటాయండీ. నిద్రపోయేది చెయ్యి కాదు కదా" అనేది. గాలి ఊదేవాటిని నిండా ఊదొద్దని, కాస్త వెలితి ఉంచాలని చెప్పేది. ఉతకడానికి తొడుగు ఊడిరానిది అసలు కొననిచ్చేది కాదు. వెనక్కి తెచ్చి ఇచ్చేసిన దిండ్లలో ఆమె అమ్మినవి చాలా తక్కువ.

ఆ ఏడు నవంబరులో ఒక రోజు, ఆసియా వైపు విమానాలు బయల్దేరే వేళకి ముందు, ఒక పెద్దాయన వచ్చాడు. పేరు ఆర్నే. డెబ్బై తొమ్మిదేళ్ళు. బయట మూడున్నరకే చీకటి పడి, అద్దాల మీద తడిమంచు కొడుతోంది. ఆయన నేరుగా హిల్కా ముందు నిలబడ్డాడు.

"నాకు మెడ లేదమ్మాయ్. ముప్పై ఎనిమిదేళ్ళు ట్రాము నడిపితే తలకాయ భుజాల్లోకి దిగిపోయింది. ఇప్పుడు దిండు ఎక్కడ పెడతావో పెట్టు."

"మెడ అందరికీ ఉంటుందండీ. మీరు దాచుకున్నారంతే. ఏ సీటు?"

"మధ్యది."

"అయ్యో. ఎవరిచ్చారండీ అది?"

"మా చెల్లెలు కొంది టిక్కెట్టు. బ్రిస్బేన్‌లో ఉంటుంది. చిన్నప్పుడు దాని జడ పట్టుకు లాగేవాణ్ణి. ఇన్నాళ్ళకి కసి తీర్చుకుంది."

హిల్కా నవ్వలేదు. దిండు ఎంచేటప్పుడు ఆమె నవ్వదు. వేళ్ళు కలిపి ఆయన చెవి కిందనుంచి భుజం దాకా కొలిచింది.

"మూడు వేళ్ళు. పెద్దవి మీకొద్దు, చెవులు మూసుకుపోతాయి. కిటికీ పక్కనైతే ఒకవైపు ఎత్తున్నది ఇచ్చేదాన్ని, గోడకి ఆనుకుంటారు. మధ్యలో కూర్చున్నవాళ్ళకి తల ముందుకి పడుతుంది. దాన్ని గడ్డం కింద ఆపాలి."

"పక్కవాడి భుజం మీద పడితేనో?"

"పడరు. మనవాళ్ళు నిద్రలో కూడా పక్కవాణ్ణి ముట్టుకోరు."

ఆయన సీట్లో కూర్చున్నాడు. మొదట ఇచ్చిన దిండు వెనక మందంగా ఉండి తలని ముందుకి తోసింది. ఆమె చూసీ చూడగానే తీసేసింది. రెండోది బూడిదరంగుది, చివర్లు పలచన, మధ్యలో ఎత్తు. దాన్ని తిప్పి, తెరుచుకునే వైపు మెడ వెనక్కి వచ్చేలా పెట్టుకోమంది. ఆయన పెట్టుకున్నాడు, మెలికపడింది. మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ అంతే.

"నువ్వు పెట్టుకుని చూపించు."

"నేను కూర్చోకూడదండీ."

"నిలబడి చూపిస్తే నాకేం తెలుస్తుంది? నిలబడి నిద్రపోయేవి గుర్రాలు."

"ఈ కొట్టులో మేమూ గుర్రాలమే."

"అయితే ఒక్క నిమిషం కూర్చో, గుర్రమా. ఎవరు చూస్తున్నారు?"

హిల్కా నా వైపు చూసింది. మెర్వి పై అంతస్తులో మీటింగులో ఉంది. నేను తలూపి కాఫీ విరామానికి బయల్దేరాను. ఆమె సీటు అంచున చేత్తో తుంటి పట్టుకుని కూర్చోవడం, తర్వాత మెల్లగా వెనక్కి ఆనుకోవడం నాకు గుమ్మం దగ్గరనుంచి కనిపించింది. మాటలూ వినిపించాయి.

"ఇదిగో, ఇలా వెనక్కి తిప్పి… గడ్డం వదిలెయ్యాలి. భుజాలు కిందికి. తర్వాత కళ్ళు…"

ఆ మాట పూర్తి కాలేదు.

నేను తిరిగొచ్చేసరికి కొట్టులో క్యూ ఉంది. ఏడుగురు. మనిషికీ మనిషికీ మధ్య ఒక బారెడు ఎడం. ఒకరి చేతిలో దిండు, ఒకరి చేతిలో తాళం, ఒకరి చేతిలో పాస్‌పోర్టు తొడుగు. క్యూ మొదట్లో గల్లా కాదు, హిల్కా ఉంది. బూడిదరంగు దిండులో గడ్డం ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని, చేతులు ఒళ్ళో వదిలేసి నిద్రపోతోంది. పక్క సీట్లో ఆర్నే నిటారుగా, బడిలో కూర్చున్న పిల్లాడిలా, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ష్ష్. నిద్రపోతోంది" అన్నాడు క్యూలో చివరివాడు. చాలా ముఖ్యమైన పని నాకు అప్పగించినట్టుగా.

ముక్కూమొహం తెలియని మనిషిని లేపడం మా దగ్గర మర్యాద కాదు. అందుకని ఇరవై నిమిషాలుగా వాళ్ళంతా అలాగే నిలబడ్డారు. ఇంకో దేశంలో అయితే ఎవరో ఒకరు కేకేసి ఉండేవాళ్ళు, ఆమె ఉలిక్కిపడి లేచేది, అంతటితో పోయేది. మేము ఎంతో దయగా ఆమె కొంప ముంచాం.

అప్పుడు ఆర్నే విమానానికి పిలుపొచ్చింది. ఆయన సీటు కిర్రుమనకుండా లేచాడు. ఆమె మెడకున్న దిండు వైపు ఒకసారి చూశాడు. అది ఆయన ఎంచుకున్నది. ఆ రకంలో అదొక్కటే మిగిలింది. తల వంచి, ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు.

లేపాల్సినదాన్ని నేను. ఇంకో ఐదు నిమిషాలు పడుకోనీ, పాపం, అనుకున్నాను. గల్లా దగ్గరికి వెళ్ళి క్యూని అటు తిప్పుకోవాలన్న తెలివి కూడా నాకు లేకపోయింది. ఆ ఐదు నిమిషాల్లోనే మెర్వి మీటింగు ముగించుకుని దిగొచ్చింది.

"ఏంటిది?" అంది గుమ్మంలోంచి.

ఏడుగురిలో ఒక్కరూ జవాబు చెప్పలేదు. బూట్లు చూసుకున్నారు. ఇద్దరు దిండ్లు అలమరలో పెట్టేసి వెళ్ళిపోయారు. "ఆవిడ కొనేవాడికి దిండు చూపిస్తోందమ్మా" అని ఒక్కరు అని ఉంటే చాలు. ఆ మాట నిజం కూడా. హిల్కా కళ్ళు తెరిచి, ముందు దిండు తీసి, ముడత సరిచేసి, ఆ తర్వాత లేచి నిలబడింది.

తర్వాతి వారం ఆమెను పిలిచారు. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చంటే నన్ను తీసుకెళ్ళింది. డాక్టరు చీటీ ఆమె కోటు జేబులో ఉంది. పొద్దున నేనే చూసి మరీ పెట్టించాను. మెర్వి రాక్షసి ఏం కాదు. కాఫీ పోసి ఇచ్చింది. కెమెరాలో పడింది కాబట్టి తన చేతిలో లేదని, రాతపూర్వకంగా హెచ్చరిక ఇవ్వక తప్పదని చెప్పి, కాగితం ఇటు తిప్పింది.

"హిల్కా, మీరేమైనా చెప్పదలుచుకున్నారా?"

హిల్కా చెయ్యి జేబులోకి వెళ్ళింది. కాగితం చప్పుడైంది. మెర్వి గడియారం వైపు చూసింది, ఊరికే, కావాలని కాదు. ఆ చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"ఏం లేదు. నిద్రపోయాను కదా. తప్పు నాదే."

నేనెందుకు మాట్లాడలేదు? ఆమె చీటీ, ఆమె ఒళ్ళు, ఆమె మాట, మధ్యలో దూరడం సభ్యత కాదనుకున్నాను. పైన చెప్పిన జబ్బు నాకూ ఉంది. మెర్వి కాగితం మీద రాసుకుంది: ఉద్యోగికి అభ్యంతరం లేదు.

మెట్లు దిగుతూ, "ఇవ్వలేదేం?" అన్నాను, ఏడుపూ కోపమూ కలిసి.

"ఇప్పుడిస్తే సాకు చెప్పినట్టుంటుంది" అంది. "ముందే ఇవ్వాల్సింది."

ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున ఆమె బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. సెలవు. ఆపరేషన్ కోసం ఎదురుచూపు. ఆ తర్వాత ఇంకొన్నాళ్ళు సెలవు. అదే టెర్మినల్లో సమాచారం చెప్పే కౌంటరు దగ్గర కూర్చుని చేసే పని ఒకటి ఖాళీ అయితే అడిగింది. జీవితంలో మొదటిసారి తనంత తాను అడిగింది. "పనివేళల్లో నిద్రపోయినట్టు హెచ్చరిక ఉంది కదా" అన్నారట. శరత్కాలంలో కొట్టు ఆమెను తీసేసింది. నిలబడి చేసే పనికి ఆమె ఇక పనికిరాదని ఆ కాగితంలో ఉంది. పదకొండేళ్ళు నిలబెట్టింది ఎవరో అందులో లేదు.

ఆమె లాకరు నేను ఖాళీ చేశాను. ఒక జత చెప్పులు, నొప్పి మాత్రలు, సగం తిన్న ఉప్పు మిఠాయి పొట్లం, నాలుగు మడతల చీటీ. బ్రిస్బేన్ నుంచి "దిండ్ల కొట్టు ఆవిడకి" అని వచ్చిన కార్డు కూడా ఉంది. ఆర్నే రాశాడు: "నిద్ర పట్టలేదు. నాలుగు రోజులు మెడ తిరగలేదు. నిన్ను లేపనందుకు క్షమించమనాలో, పడుకోనిచ్చినందుకు సంతోషించాలో తేలడం లేదు. ఆ దిండు మాత్రం మంచిది. కళ్ళారా చూశాను."

తర్వాత నేను టెర్మినల్ కొట్లలో పనిచేసేవాళ్ళ తరఫున ప్రతినిధిగా నిలబడి, కొట్టుకి ఒక్క స్టూలు కావాలని పై ఆఫీసుకి రాశాను. జవాబొచ్చింది: "గత పదకొండేళ్ళలో ఏ ఉద్యోగి నుంచీ ఇలాంటి ఫిర్యాదు అందలేదు." ఆమె మర్యాదని ఆమె మీదే సాక్ష్యంగా తెచ్చారు. ఆ స్టూలు ఇంకా రాలేదు. సీట్లు మాత్రం ఉన్నాయి. "కొనుగోలుదారులకు మాత్రమే" అని ఇప్పుడు బోర్డు కూడా పెట్టారు.

హిల్కా ఊరిబయట రెండు గదుల ఇంట్లో ఉంటోంది. పోయిన నెల వెళితే కాఫీ పెట్టడానికి గోడ పట్టుకుని లేచింది. నేను లేస్తానంటే వద్దంది.

చదివేవాళ్ళకి ఒక మాట. దూరప్రయాణానికి దిండు కొనడానికి వెళితే ఆమె చెప్పినట్టే కొనండి. మీ సీటేదో చూసుకోండి, తల ఎటు వాలుతుందో చూసుకోండి, కూర్చుని పరీక్షించండి. తర్వాత లేచి, అమ్మే మనిషి ఎక్కడ కూర్చుంటుందో చూడండి. కుర్చీ కనిపించకపోతే ఆమెని అడక్కండి, ఆమె "ఫరవాలేదండీ" అంటుంది. మేనేజరుని పిలిచి అడగండి. పక్కవాళ్ళకి వినపడేలా అడగండి. ఇంటికొచ్చి రెండు వాక్యాలు రాసి పంపండి, తారీఖు వేసి. మీ ఊళ్ళో చీరల కొట్టులో, నగల కొట్టులో, మందుల షాపులో పొద్దుటినుంచీ గోడకి ఆనుకోకుండా నిలబడ్డ ఆడపిల్లల గురించి కూడా అడగండి. ఫిర్యాదు అందలేదని మాత్రం వాళ్ళని ఇంకోసారి అననివ్వకండి.