వెనక సీటు

మోకాళ్లు అరిగిపోయిన అమ్మ సుఖంగా కూర్చోవాలనే ఆ పెద్ద కారు చూడ్డానికి వెళ్లాం. షోరూమ్ అతను మధ్య సీటు తలుపు తెరిచి పట్టుకుంటే, ఆమె మూలుగుతూ వంగి, ఆ సీటు దాటుకుని చివరి వరుసలోకి దూరింది. మైపాడు బస్సులో చేపల గంపతో ఎక్కే ఆడవాళ్లను కండక్టర్లు వెనక్కే తరిమేవాళ్లు. చేపలమ్మడం మానేసి ఏళ్లయినా అమ్మకు ఆ అలవాటు పోలేదు.

"ముందుకు రామ్మా! ఇదేమన్నా బస్సా?" అని కసిరాను.

"ఈడ బాగుండాదిలే నాయనా."

నడిపి చూద్దామని బండి కదిలించాను. నా పక్కన కూర్చున్న షోరూమ్ అతను ఏసీ పెంచి, బండి ఎంత మన్నికైనదో చెబుతూనే ఉన్నాడు. కొత్త చీర కొంగును ఒంటిచుట్టూ బిగించుకుని అమ్మ మెల్లగా అంది:

"అద్దాలు దించు నాయనా. ఆయనకి వాసనొస్తాదేమో."