ఇన్‌స్పెక్షన్‌కి ముందు ఉపవాసం

2022. ఖరగ్‌పూర్‌లోని ఒక కంటి ఆసుపత్రిలో నర్సుని. శుక్లం ఆపరేషన్ రోజు పొద్దున్నే షుగర్ ఉన్నవాళ్ల వేలు గుచ్చి చూడటం నా పని. అంకె మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా ఆపరేషన్ ఉండదు.

ఆ రోజు మొదటి పేరు అప్పలస్వామి బాబాయిది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై ఊళ్లోనే ఝపటాపూర్‌లో ఉంటున్నాడు. షుగర్ వల్ల రెటీనా, అంటే కంటి వెనక పొర, పాడై ఎడమ కన్ను ఏనాడో పోయింది. మిగిలింది శుక్లం కమ్మిన కుడి కన్నొక్కటే.

వారం క్రితం షుగర్ మూడొందలు దాటిందని వెనక్కి పంపాం. నా నోరు కాస్త పెద్దది. "సోమవారానికి తగ్గించుకునే రా" అని కసిరాను కూడా. తగ్గించుకునే వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. మీటరులో యాభై రెండు! గబగబా గ్లూకోజ్ నీళ్లు తాగించాను. తేరుకున్నాక నిలదీశాను.

"ఏటి సేసినావు బాబాయ్?"

"రెండ్రోజులై ఏటీ తినలేదమ్మా. మాత్రలు మాత్రం ఏసుకున్నాను."

"అలగ సెయ్యమని ఎవరు సెప్పినారు?"

"ఒకరు సెప్పాలేటి? పెద్ద సాయిబు, అదే పెద్దాఫీసరు, ఇన్‌స్పెక్షన్‌కొస్తే వర్క్‌షాపంతా కడిగి సున్నం కొట్టీవోళ్లం. ఆయనెల్లిపోతే మళ్లీ మామూలే. ఇదీ అంతే కదా!"

డాక్టరుగారు హెచ్‌బీఏ1సీ రాశారు. గడిచిన మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష అది. దాని ముందు రెండ్రోజుల సున్నం పనిచెయ్యదు. ఏడు లోపు ఉండాల్సింది పది దాటింది. ఆపరేషన్ వాయిదా పడింది.

"అయితే ఈ కన్నూ పోయినట్టేనా అమ్మా?" అన్నాడు. ఆ గొంతు విని సిగ్గుతో చచ్చిపోయాను. సున్నం కొట్టింది ఆయనైతే, కొట్టమన్నది నేనే. అంకె తగ్గించమన్నానుగానీ, అన్నం గురించి అడిగానా?

స్టూలు లాక్కుని కూర్చుని అడిగాను. రోజుకి ఆరు తీపి టీలు, సాయంత్రం రెండు రసగుల్లాలు, రాత్రి పళ్లెం నిండా అన్నం. ఒక్కొక్కటే తగ్గించాం. ప్రతి గురువారం వచ్చి ఏం తిన్నాడో దొంగతనాలతో సహా ఒప్పుకునేవాడు. నాలుగో నెలలో ఆపరేషన్ అయింది.

మర్నాడు కట్టు విప్పాను. రెప్పలు టపటపలాడించి, నేనేమీ అడక్కుండానే వేలు చాపాడు.

"సెప్పా పెట్టకుండా ఇన్‌స్పెక్షన్ సెయ్యమ్మా."

గుచ్చాను. మీటరు నా చేతిలోంచి లాక్కుని, తనే చదివాడు.

"నూట ముప్పై ఆరు! నేనే సదివినాను, సూసినావా?"

నాకు కళ్లు మసకబారి ఆ అంకె కనిపించలేదు.

ఇప్పుడు నేనెవరినీ "తగ్గించుకుని రా" అనను. ముందు స్టూలు లాక్కుంటాను. "నిన్న ఏటి తిన్నావు?" అని అడుగుతాను.