సొంత వాడకానికే

ఇరవై ఏళ్లు పరాయి కార్లు నడిపినవాడికి తనకంటూ ఒక కారు ఉండాలనిపించడం తప్పేమీ కాదు. కాకపోతే అలాంటి ఆశ కళ్లలో కనబడితే చాలు, అమ్మేవాళ్లకు నోరూరుతుంది. ఈ డ్రైవరుకూ అదే జరిగింది. కరెంటు కారు కొని కిరాయికి తిప్పుకుంటే పెట్రోలు ఖర్చూ ఉండదు, ఇక ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడే పనీ ఉండదు అనుకున్నాడు.

బ్యాంకువాళ్లు కిరాయి కార్లకని వేరే అప్పు ఇస్తారు. వడ్డీ ఎక్కువ, ఆ అప్పుకు వచ్చే కారు అగ్గిపెట్టెలా ఉంటుంది. కానీ ఎంత తిప్పినా బ్యాటరీకి కంపెనీ పూచీ. షోరూములో పనిచేసే బావమరిది ఇంకో దారి చూపించాడు. పెద్ద కారు, తక్కువ వడ్డీ. మెలికల్లా ఒక్కటే, అది ఇంటి అవసరాలకు వాడుకునేవాళ్లకు మాత్రమే.

"సొంత వాడకానికే అని రాయిద్దాం బావా. మీవాళ్లంతా చేసేదే కదా," అన్నాడు.

నిజమే, స్టాండులో సగం కార్లు అలా కొన్నవే, కాకపోతే అవన్నీ పెట్రోలువి. పెట్రోలు కారు చెడితే సందులో మెకానిక్కు బానెట్ ఎత్తి ఏదో ఒకటి చేసి పంపిస్తాడు, కంపెనీ గడప తొక్కే అవసరమే రాదు. కరెంటు కారు బ్యాటరీని ఆ మెకానిక్కు ముట్టుకోనైనా ముట్టుకోడన్న ముక్క మన మహానుభావుడికి తట్టలేదు.

భార్యకు తట్టింది. బట్టలు కుట్టడం ఆపి, పాడైతే ఎవరు బాగుచేస్తారో ముందు అది చెప్పమని తమ్ముణ్ణి నిలదీసింది. తమ్ముడు నవ్వేశాడు. నీకు సైకిలు తొక్కడమైనా రాదు, ఊరుకో అన్నాడు మొగుడు. ఆమె మళ్లీ కుట్టుపనిలో పడింది.

ఏడాదిన్నర రాజాలా తిరిగాడు. ఒక మధ్యాహ్నం, వెనక సీట్లో మనిషి ఉండగానే, కారు వంతెన మీద ఆగిపోయింది. దాన్ని ఇంకో బండి మీదికెక్కించి సర్వీసు సెంటరుకు చేర్చారు. అక్కడి ఇంజనీరు కంప్యూటరు తగిలించి చూసి, బజారుకీ ఆఫీసుకీ వెళ్లే కారు ఇంత తిరగదండీ అన్నాడు, మర్యాదగానే. కిరాయికి తిప్పారు కాబట్టి పూచీ చెల్లదట. కొత్త బ్యాటరీ అంటే కారు ధరలో సగం.

బావమరిది ఫోను ఎత్తలేదు. చివరికి అక్క పిలిస్తే వచ్చాడు.

"ఆయనకు తెలీదు సరే. నీకు తెలుసు కదరా?" అంది.

"తెలుసక్కా. చెబితే బావ కొనడు. నేను కాకపోతే ఇంకొకడు అమ్మేవాడు."

ఛీ, ఇంతకంటే ఏదో ఒక అబద్ధం ఆడినా బాగుండేది! ఆమె తమ్ముణ్ణి ఇక వెళ్లమంది. అతణ్ణి తిట్టడానికి డ్రైవరుకు మొహమేది? ఉపాయం బావమరిదిదే అయినా సంతకం తనదే.

పాత యజమాని దగ్గరికే వెళ్లి నిలబడ్డాడు. ఆయన పని ఇచ్చాడు, జీతం మాత్రం కొత్తవాడికిచ్చేదే అన్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే, గుమ్మం ముందు చచ్చినట్టు పడున్న తన కారును దాటుకుని, బస్సెక్కి పోయి పరాయి కారు తోలుతున్నాడు. వచ్చిన జీతం వచ్చినట్టే వాయిదాకు పోతోంది. ఇల్లు ఆమె కుట్టుపని మీదే గడుస్తోంది. ఆమె ఒక్క మాటా దెప్పదు. దెప్పితే బాగుండును, ఎదురు తిట్టయినా కాస్త తేలికపడేవాడు.